‘సాయంకాలమైంది’ అన్నాక తెర మీద సాయంకాలం ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన నెల మా విజయనగరంలో గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం నాటకం ఆడారు. ఆడినవాళ్లు చదువుకున్న కుర్రాళ్లు, ఉద్యోగాలు చేసుకుంటూ నాలుగు నెలలు రిహార్సల్సు చేశారని తెలిసింది. మర్నాడు మీ జిల్లా పేజీలో అధునాతన హంగులతో ప్రదర్శన అదిరిపోయిందని వార్త వేశారు. ఆ హంగుల గురించే ఈ ఉత్తరం. నాలుగో వరసలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

నేను నటుణ్ణి కాను, రచయితనీ కాను. మా ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర మా నాన్నకి పెట్రోమాక్సు లైట్లు, మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. పద్దెనిమిదో ఏట నుంచి నేను నాటకాలకి లైట్లు వేశాను. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా పరిషత్తు పోటీలు, ఊళ్లలో తీర్థాలు, కాలేజీ వార్షికోత్సవాలు, ఏవీ వదల్లేదు. ఇప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్లు. కన్యాశుల్కానికి ఎన్నిసార్లు లైట్లు వేశానో లెక్క రాసుకోలేదు గానీ, రామప్ప పంతులు మంచం కిందికి దూరే వేళకి ఏ లైటు మీద చెయ్యి ఉండాలో నిద్దట్లో లేపి అడిగినా చెప్పగలను.

ఆ రోజు వేదిక వెనక ఈ చివర నుంచి ఆ చివరకి ఎల్‌ఈడీ తెర పెట్టారు. నాటకం మొదలవగానే దాని మీద మన కోట, బురుజులు, ఆకాశం నుంచి డ్రోనుతో తీసిన బొమ్మలు. మబ్బులు కదులుతున్నాయి, పిట్టలు ఎగురుతున్నాయి. ఆ పిట్టల కింద గిరీశం నిలబడి ‘సాయంకాలమైంది’ అన్నాడు. నా చుట్టూ ఉన్నవాళ్లందరూ పిట్టల్ని చూస్తున్నారు.

లైట్లవాడిగా ఒక మాట చెప్తాను. మనిషి కన్ను ఎక్కువ వెలుగున్న వైపుకి, అందులోనూ కదిలే వైపుకి పోతుంది. అది ప్రేక్షకుడి తప్పు కాదు, కంటి గుణం. నటుడి వెనక అంత వెలుగు పెడితే అతని మొహం నల్లబడుతుంది. మొహం కనబడాలని ముందు లైట్లు పెంచుతారు. పెంచేసరికి కళ్ల కింద నీడ, చెంప మీద గీత, పెదవి విరుపు అన్నీ చెరిగిపోయి మొహం పిండి రాసినట్టు అయిపోతుంది. గిరీశం వేషం వేసిన అబ్బాయి మంచి నటుడు. శిష్యుడు వెంకటేశాన్ని బుట్టలో వేసే చోట అతని కనుబొమ్మ ఒక్కటి పైకి లేచింది. నేను ముందుకు వంగి కూర్చున్నాను కాబట్టి చూశాను. ఆరో వరస వెనకాల ఎవరికీ కనబడి ఉండదు.

‘సాయంకాలమైంది’ అనేది ఆ నాటకంలో గిరీశం మొదటి మాట. స్థలం బొంకులదిబ్బ అని గురజాడ ముందే రాశారు, పొద్దు సంగతి గిరీశం చేత చెప్పించారు. ఆ నాటకాన్ని మా ఊళ్లో మొట్టమొదట ఆడింది 1892 ఆగస్టు 13న, జగన్నాథ విలాసినీ సభవారు. కరెంటు లేని రోజులు. నూనె దీపాల ముందు నిలబడి నటుడు ‘సాయంకాలమైంది’ అంటే సభకంతా సాయంకాలం అయిపోవాలి. లైట్లు ఎలా వెయ్యాలో ఆ మహానుభావుడు మాటలోనే రాసి పెట్టారు. మనం చెయ్యాల్సింది ఆ మాట వినబడేలా చూడ్డం.

ఇది నాకు నేర్పింది ఒక తెలుగు లెక్చరర్ గారు. ఆయన ఇప్పుడు లేరు. పేరు రాస్తే ఆయనకి నచ్చదు, అందుకే మాస్టారు అనే రాస్తున్నాను. మొదటి ప్రదర్శనకి నూరేళ్లు నిండిన సంవత్సరం, 1992లో, ఆయన కన్యాశుల్కం తయారు చేశారు. వేసవిలో ఒక సాయంత్రం మా దుకాణానికొచ్చారు.

“ఎన్ని లైట్లున్నాయిరా నీ దగ్గర?”

“పన్నెండండీ మాస్టారూ. వెయ్యి వాట్లవి నాలుగు, తక్కినవి బేబీ స్పాట్లు. కావాలంటే విశాఖపట్నం నుంచి ఇంకో ఆరు తెప్పిస్తాను.”

“మూడు తీసుకురా. తొమ్మిదీ ఇంట్లో ఉంచు. రంగు కాగితాలు ఒక్కటి కూడా తేవద్దు.”

మా నాన్న కష్టపెట్టుకున్నాడు. తొమ్మిది లైట్ల అద్దె పోయిందని కాదు. మూడు లైట్లతో నాటకమేస్తే చూసినవాళ్లు మా దుకాణంలో లైట్లు లేవనుకుంటారని. నాకూ అలాగే అనిపించింది. రిహార్సలుకి వెళ్లి చూస్తే వేదిక మీద తెరలు కూడా లేవు. వీధి తెర, ఇంటి తెర, తోట తెర అని మేం మోసుకు తిరిగేవి ఏవీ లేవు. ఒక నవారు మంచం, ఒక కావిడిపెట్టె, ఒక చేంతాడు. అంతే.

ఆ మంచం సంగతి మీకు చెప్పకుండా ఉండలేను. వేశ్య మధురవాణి ఇంట్లో అది మంచమే. దాని కిందికే గిరీశం, రామప్ప పంతులు ఇద్దరూ దూరతారు, పూటకూళ్లమ్మ చీపురుకట్ట దెబ్బ రామప్ప పంతులికి తగులుతుంది. ఆ మంచాన్నే గోడవారకి జరిపి మీద తుండుగుడ్డ వేస్తే అగ్నిహోత్రావధాన్లు గారి వీధి అరుగు. నిలువుగా ఎత్తి నిలబెడితే లుబ్ధావధాన్లు ఇంటి గుమ్మం, ఆ నవారు సందుల్లోంచి మీనాక్షి మొహం. పడగొట్టినట్టు పక్కకి వంచితే నూతి గట్టు, చేంతాడు దాని మీదే. నటులే మాట్లాడుతూ మాట్లాడుతూ మంచం జరిపేవాళ్లు. దీపాలార్పి చీకట్లో సామాను మార్చడం ఒక్కసారి కూడా లేదు. రంగానికీ రంగానికీ మధ్య చీకటి పడితే ప్రేక్షకుడు పక్కవాడితో కబుర్లలో పడతాడు, మళ్లీ వాణ్ణి కథలోకి తేవడానికి రెండు నిమిషాలు పడుతుందని మాస్టారు చేతి గడియారం పెట్టి లెక్క చూపించారు.

గిరీశం, వెంకటేశం విజయనగరం నుంచి కృష్ణరాయపురం అగ్రహారం వెళ్లడానికి మంచం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాళ్లు. నేను అడిగాను, జనం నవ్వరా అని. సంస్కృత నాటకాల్లో ‘పరిక్రమ్య’ అని ఉంటుంది, వేదిక మీద ఒక చుట్టు తిరిగితే ఊరు మారినట్టే అన్నారు. 1958లో హబీబ్ తన్వీర్ అనే దర్శకుడు ఢిల్లీలో మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకం చేసినప్పుడు ఛత్తీస్‌గఢ్ పల్లె నటుల్ని తెచ్చి, ఇలాంటి పాత పద్ధతిలోనే ఒక గుండ్రటి అరుగు చుట్టూ నడిపించాడని ఆయన దగ్గరే విన్నాను. అంత దూరం ఎందుకు, మన తూర్పు భాగోతంలో ఏముంటుంది? ఇద్దరు మనుషులు పట్టుకున్న ఒక తెర, మద్దెల, భామ జడ. కూచిపూడి భాగవతుల్లో వేషం ప్రవేశించేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవాళ్లు. భగ్గుమని ఒక్క మంట, అంతలో వేషం మొహం, ఆపైన మళ్లీ మామూలు వెలుగు. రాత్రంతా మండే వెలుగు వేరు, ఆ ఒక్క క్షణం వేరు. మా పనిలో అంతకు మించిన విద్య నేను నేర్వలేదు.

మొదటి రిహార్సలులో గిరీశం ‘సాయంకాలమైంది’ అనగానే నేను అలవాటు కొద్దీ ఒక లైటు తగ్గించాను. మాస్టారు ఆపేశారు. “సాయంకాలం ప్రేక్షకుడి బుర్రలో పడుతుంది. దానికి నువ్వు రంగు పూస్తే వాడి సాయంకాలం పోయి నీ సాయంకాలం మిగులుతుంది” అన్నారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ప్రదర్శన రోజున, లైటు ఏమీ మార్చకుండానే, ముందు వరసలో ఒక ముసలాయన తలెత్తి పైకి చూశాడు. పొద్దెంతయిందో చూసుకున్నట్టు. అప్పుడు అర్థమైంది.

ఇది మాస్టారి సాదాతనం. పాత నాటకానికి తెగువ కూడా కావాలి, ఇక దాని సంగతి.

పాత నాటకాన్ని తెగించి చెయ్యడమంటే గిరీశానికి జీన్సు ప్యాంటు తొడిగి చేతికి సెల్‌ఫోను ఇవ్వడమని కొందరు అనుకుంటున్నారు. అలాంటిదీ ఒకటి చూశాను. గిరీశం ఇంగ్లీషు దంచుతుంటే వెంకటేశం నోరు తెరుచుకుని వినే రోజులు ఎక్కడికీ పోలేదు. ఆ పంచె, ఆ చుట్ట అలాగే ఉంచినా ఎదురుగా కూర్చున్న కుర్రాడికి తన ఊళ్లో అలాంటి మనిషి గుర్తుకొస్తాడు. గుర్తు పట్టే పని అతనికి వదిలెయ్యాలి.

మాస్టారి తెగువ ఇంకో రకం. గురజాడ 1897లో మొదటి కూర్పుకి ఇంగ్లీషులో ముందుమాట రాశారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల, అంటే ఆడపిల్లకి వెల కట్టి చేసిన పెళ్లిళ్ల పట్టీ ఒకటి విజయనగరం మహారాజా వారు తయారు చేయించారు, దాని లెక్కలు అందులో ఉన్నాయి. మాస్టారు ఆ లెక్కల్ని తెలుగు చేశారు. తెర లేదు కాబట్టి తెర లేవడమూ లేదు, నాందీ లేదు, పాట లేదు. డబ్బిచ్చి చిన్నపిల్లని పెళ్లాడబోయే ముసలి లుబ్ధావధాన్లు వేషం వేసినాయన కళ్లజోడు పెట్టుకుని నేరుగా వచ్చి మంచం మీద కూర్చుని, పద్దుపుస్తకం చదివినట్టు చదివేవాడు. మూడేళ్లలో పెళ్లిళ్లు 1,034. అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44. మూడేళ్లవాళ్లు 36. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. చదివి, కాగితం మడిచి మొలలో దోపుకుని, ‘ఊఁ’ అని దగ్గి లుబ్ధావధాన్లు అయిపోయేవాడు.

అక్కణ్ణుంచి సభలో నవ్వు మారిపోయింది. కన్యాశుల్కం హాస్య నాటకమని వచ్చినవాళ్లే అందరూ. నవ్వారు కూడా, చాలా నవ్వారు. కరటక శాస్త్రి శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి బేరం పెట్టినప్పుడు నవ్వకుండా ఎవరుండగలరు? కానీ శుల్కం అన్న మాట వచ్చినప్పుడల్లా నవ్వు సగంలో ఆగేది. లైట్ల దగ్గర నుంచి సభ మొహాలు నాకు బాగా కనబడతాయి. ఒకావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నదల్లా, ఆ కొంగు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

రెండో తెగువ మీనాక్షిని ఉంచడం. 1909 నాటి రెండో కూర్పు ఏడంకాలు. మొత్తం ఆడితే తెల్లవారుతుంది. ఎవరు చేసినా కొయ్యక తప్పదు. ఏది కోశాడో చూస్తే ఆ దర్శకుడు నాటకాన్ని ఎలా చదివాడో తెలిసిపోతుంది. నేను లైట్లు వేసిన ప్రదర్శనల్లో సగానికి పైగా మీనాక్షి ఒకటి రెండు మాటలకి మిగిలేది. గిరీశం, మధురవాణి, రామప్ప పంతులు చాలనుకునేవాళ్లు. మొన్నటి ప్రదర్శనలో ఆవిడ అసలు లేనే లేదు. లుబ్ధావధాన్లు ఇంట్లో విధవరాలైన కూతురు, రామప్ప పంతులు మాటలు నమ్మి మోసపోయిన మనిషి. ఆవిణ్ణి తీసేస్తే రామప్ప పంతులు ఉత్త నవ్వుల పంతులు అయిపోతాడు. ఆవిడ ఉంటే అతను ఏం చేశాడో తెలుస్తుంది, అతన్ని చూసి అంతసేపు నవ్వినందుకు మనకే కష్టంగా ఉంటుంది. పోయిన నెల నాటకంలో ఎల్‌ఈడీ తెర మీద బళ్లు, తోటలు, సముద్రం చూపించడానికి పట్టిన సమయం కలిపితే మీనాక్షి రంగాలు రెండూ హాయిగా సరిపోయేవి. నాకు నిద్ర పట్టనిది ఇందుకే.

మాస్టారితో నేను ఒప్పుకోనిది కూడా ఒకటుంది. సారా దుకాణం రంగం ఆయన తీసేశారు. బైరాగి, హెడ్డు కానిస్టేబులు కూర్చుని తత్వం మాట్లాడుకునే చోటు. కథకి అక్కర్లేదన్నారు. కథకి అక్కర్లేకపోవచ్చు. ఊరు కనబడాలంటే అది కావాలి. అగ్రహారం బయట మనుషులున్నారని తెలిసేది అక్కడే. ఆయన బతికున్నప్పుడు ఈ మాట అనడానికి నాకు ధైర్యం చాల్లేదు, ఇప్పుడు అంటున్నాను.

మధురవాణి గురించి. మొన్న ఆవిడ ప్రవేశానికి గులాబీ రంగు లైట్లు, పొగ, రికార్డు చేసిన వీణ. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపే ఆవిడ ఎలాంటి మనిషో మనం నిర్ణయించేశాం. మాస్టారి మధురవాణి మంచం మీద కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తూ మాట్లాడేది. ఈనె తీసి పక్కన పడేసేటప్పుడు చిన్న ఆగడం ఉండేది, ఆ ఆగడంలో ఎదుటివాడి అబద్ధం పట్టేసేది. చివర్లో వకీలు సౌజన్యారావు పంతులు ఇంట్లో, మగ వేషంలో వచ్చిన ఆవిడ ఎవరో తెలిసిన తర్వాత, చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిన మాట గుర్తు చేసుకుని తగ్గిపోయే చోట, నేను ఆవిడ మొహం మీద ఒక్క లైటు ఉంచి తక్కినవి తీసేద్దామన్నాను. వద్దన్నారు. “ఇద్దరి మీదా ఒకటే వెలుగు ఉండనీ. ఎవరు పెద్దవాళ్లో జనం తేల్చుకుంటారు.” ఆ రంగానికి నేను చేసిన పని బోర్డు మీంచి చెయ్యి తీసెయ్యడం. అంతకన్నా కష్టమైన పని ఎప్పుడూ చెయ్యలేదు.

ముగింపు కూడా చెప్పాలి. ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అని గిరీశం అనగానే మెల్లిగా లైట్లు తగ్గించడం మా అందరి అలవాటు. మా నాన్న కాలంలో అయితే దానికి ఉప్పునీళ్ల జాడీ వాడేవాళ్లం. జాడీలో రెండు రేకులు, పై రేకు లేపుతుంటే వెలుగు తగ్గుతుంది, కాళ్ల కింద ఎండు చెక్క ఉండాలి. ఆ మెల్లిగా ఆరే వెలుగంటే నాకు ప్రాణం. మాస్టారు అక్కడా ఆపారు. “అడ్డంగా తిరిగింది అన్నాక అందంగా ఆర్పడమేమిటి? సభలో లైట్లు వేసెయ్.” ట్యూబులైట్లు ఒక్కసారి వెలిగాయి. జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నాలుగైదు క్షణాలు చప్పట్లు లేవు. ఆ తర్వాత వచ్చిన చప్పట్లు మరెప్పుడూ వినలేదు.

హంగులంటే నాకు కోపం లేదు. సురభి నాటక సమాజం వాళ్లని చూసి పెరిగినవాణ్ణి. 1885 నుంచి కుటుంబాలకి కుటుంబాలే ఆ విద్యని మోస్తూ వస్తున్నాయి. మాయాబజారులో వాళ్లు తాళ్లతో, కప్పీలతో, చేతులతో చేసే మాయ చూసి చిన్నప్పుడు నోరు తెరుచుకుని నిలబడ్డాను, ఇప్పుడూ నిలబడతాను. ఆ కథకి మాయ కావాలి. గాలిలో మనిషి ఎగరకపోతే అది మాయాబజారు కాదు. కన్యాశుల్కానికి కావలసింది మాట, మనిషి మొహం. ఏ నాటకానికి ఏది కావాలో అడిగి తెలుసుకోవడమే దర్శకుడి మొదటి పని అని నాకనిపిస్తుంది. జె.వి. రమణమూర్తి గారు గిరీశంగా, సోమయాజులు గారు రామప్ప పంతులుగా ఊరూరా ఆడిన రోజుల్లో జనం సెట్టింగుల గురించి మాట్లాడుకోలేదు. ఆయన ఆ మాట ఎలా విరిచాడు, ఈయన ఎలా గుటకేశాడు, అదే వారం రోజులు చెప్పుకునేవాళ్లు.

నాటక పోటీలు పెట్టే పరిషత్తులు నడిపే పెద్దలకి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. రంగాలంకరణకి బహుమతి ఇస్తున్నారు, మంచిదే. కానీ మార్కులు వేసేటప్పుడు ఎంత సామాను తెచ్చారని చూడకండి, తెచ్చిన సామానుతో ఎన్ని పనులు చేయించారని చూడండి. దూరం ఊళ్ల నుంచి వచ్చే సమాజాలు లారీ బాడుగకే సగం డబ్బు పోగొట్టుకుంటున్నాయి. బహుమతి కోసం తప్పదనుకుని అప్పులు చేసి సెట్లు వేస్తున్నారు. ఆ డబ్బుతో ఇంకో నాలుగు ఊళ్లలో ఆడొచ్చు.

మీకూ ఒక మాట. నాటకం గురించి రాసేటప్పుడు తెర ఎన్ని అడుగులో రాశారు. ఏ రంగాలు ఉంచారో, ఏవి తీసేశారో ఒక్క వాక్యం రాస్తే చదివినవాళ్లకి ఉపయోగం, చేసినవాళ్లకీ ఉపయోగం.

ఆ కుర్రాళ్ల మీద నాకు ప్రేమే. గిరీశం వేసిన అబ్బాయి కనుబొమ్మ ఇంకా నా కళ్ల ముందు ఉంది. మళ్లీ ఆడదలుచుకుంటే నా దగ్గరికి రమ్మనండి. మూడు లైట్లు అద్దె లేకుండా ఇస్తాను, నేనే వచ్చి వేస్తాను. మీనాక్షి రంగాలతో సహా మాస్టారు పెన్సిలుతో దిద్దిన నాటకం కాపీ నా బీరువాలో ఉంది. ఆ నవారు మంచం కూడా ఉంది. నవారు మొన్న సంక్రాంతికే కొత్తది బిగించాను.

ఇట్లు,
నాటకాలకి లైట్లు వేసిన ఒక పాత మనిషి,
విజయనగరం